మత్తడి దుంకిన నాటి నుంచి శిఖం తేలేదాకా: జనగామ, మానుకోట, భూపాలపల్లి చెరువుల్లో గాలం వేట

జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాల్లో చేపల వేట చరిత్ర అంటే చెరువుల చరిత్రే. మూడు జిల్లాలూ 2016 అక్టోబర్ 11న ఏర్పడ్డాయి. అంతకుముందు వీటిలో ఎక్కువ భాగం పాత వరంగల్ జిల్లా. బయ్యారం, గార్ల ప్రాంతాలు ఖమ్మం నుంచి వచ్చి మహబూబాబాద్‌లో కలిశాయి. ఈ నేలలో చెప్పుకోదగ్గ సహజ సరస్సు లేదు. నీళ్లు నిలిచిన చోటల్లా ఏదో ఒక కాలంలో ఎవరో కట్ట పోశారు. కట్ట పోసిన చోట మూడు ఏర్పడ్డాయి: నిండిన నీళ్లు పొర్లిపోయే మత్తడి, పొలాలకు నీళ్లు వదిలే తూము, నీళ్లు వెనక్కి తగ్గితే బయటపడే శిఖం. ఏ నెలలో చేప ఎక్కడుంటుంది, దేనికి నోరు తెరుస్తుంది, గాలానికి ఏ ఎర గుచ్చాలి అన్నవి ఈ మూడు చోట్లను బట్టే తేలేవి.

మూడు జిల్లాలూ ఒకటిగా కనిపించినా వాటి నీటి దారులు వేరు. జనగామ మెట్ట. వాన తక్కువ, రాతి నేల, చిన్న చిన్న కుంటలు. మానుకోట అని జనం పిలుచుకునే మహబూబాబాద్ మీదుగా ఆకేరు, మున్నేరు దక్షిణానికి పారి, ఖమ్మం జిల్లా తీర్థాల దగ్గర కలిసి, చివరికి కృష్ణలో పడతాయి. భూపాలపల్లి వైపు మోరంచవాగు, మానేరు నీళ్లు గోదావరికి చేరతాయి. కాళేశ్వరం దగ్గర ప్రాణహిత వచ్చి గోదావరిలో కలుస్తుంది. వాగుతో సంబంధం ఉన్న చెరువులోకి ఏటా వాననీటితో పాటు చేపలూ ఎదురెక్కి వచ్చేవి. వాగుకు దూరంగా, రాళ్ల మధ్య ఉన్న జనగామ కుంటలోకి అలా వచ్చేవి తక్కువ. అక్కడ నిలిచినవి బురదలోనూ బతికే కొర్రమట్ట (కొర్రమీను), మట్టగిడస, మార్పు లాంటివే. ఒక ఊరి గాలం పక్క ఊరి గాలంలా ఉండకపోవడానికి మొదటి కారణం ఇదే.

పెద్ద చెరువుల వయసు ఎనిమిది వందల ఏళ్లు. తటాకం తవ్వించడాన్ని సప్తసంతానాల్లో ఒకటిగా లెక్కించిన కాలంలో కాకతీయ రాజులు, వారి బంధువులు, సామంతులు పోటీపడి చెరువులు కట్టించారు. బయ్యారం పెద్దచెరువును గణపతిదేవుడి సోదరి మైలాంబ కట్టించింది. అక్కడి శాసనంలో దాని పేరు ధర్మకీర్తి సముద్రం. కాకతీయుల వంశక్రమం తెలుసుకోవడానికి చరిత్రకారులు నేటికీ ఆశ్రయించే ముఖ్యమైన ఆధారాల్లో ఆ శాసనం ఒకటి. భూపాలపల్లి జిల్లా గణపురంలో కోటగుళ్ల దగ్గరి గణపసముద్రం కూడా గణపతిదేవుడి కాలానిదే. 2016లో ఇదే జిల్లాలో ఉండి, 2019లో ములుగు జిల్లాకు వెళ్లిన రామప్ప చెరువుదీ ఆ తరమే. పక్కనున్న గుడి శాసనం సంవత్సరం 1213. ఈ ప్రాంతంలో ఘనపురాలు ఎన్నో ఉన్నందువల్ల కొత్తవాళ్లు తికమకపడతారు. గణపురం వేరు, దేవాదుల నీళ్లు నిలిచే భీంఘనపురం వేరు, జనగామ జిల్లాలో రైలు ఆగే స్టేషన్ ఘనపురం వేరు.

చెరువులు ఒంటరిగా కట్టలేదు. పై చెరువు మత్తడి దుంకితే కింది చెరువు నిండేలా గొలుసుగా కట్టారు. సేద్యం కోసం వేసిన ఆ గొలుసు చేపలకు బాటగానూ పనికొచ్చింది. మత్తడి మీది నుంచి దూకే నీళ్లతో చేప కిందికి కొట్టుకుపోతుంది. అదే నీళ్ల సవ్వడి విని కింది చెరువులోని చేప పైకి ఎగబడుతుంది. వాన పడ్డ వారం రోజుల్లో గొలుసులోని ఏ చెరువు చేప ఏ చెరువుకు చేరిందో చెప్పడం ఎవరి తరమూ కాదు. చేపల మీద హక్కుల గొడవలకూ ఇదొక మూలం.

చెరువులు లేచిన కాలానికి కొంచెం ముందే, గాలం వేట గురించి మన దేశంలో పుస్తకరూపంలో వచ్చిన విస్తారమైన వివరణ ఒకటుంది. కాకతీయులు సామంతులుగా ఉన్న కల్యాణి చాళుక్యుల రాజు మూడవ సోమేశ్వరుడు 1129లో పూర్తిచేసిన మానసోల్లాసంలో మత్స్యవినోదం అనే అధ్యాయం ఉంది. హనుమకొండలో అప్పుడు రెండవ ప్రోలుడు పాలిస్తున్నాడు. వేయిస్తంభాల గుడి శాసనం పడడానికి ఇంకా ముప్పై నాలుగేళ్లుంది. ఆ అధ్యాయంలో ముప్పైకి పైగా చేపల పేర్లు, ఉప్పునీటివీ మంచినీటివీ అన్న విభజన, పొలుసున్నవీ లేనివీ అన్న తేడా, గాలం కర్ర, దారం, ఏ చేపకు ఏ మేత పెట్టాలన్న వివరం ఉన్నాయి. ఎంచుకున్న చోట ముందు కొన్నాళ్లు మేత చల్లి చేపలను మరిపి, ఆ తర్వాత గాలం వేయాలన్న పద్ధతి కూడా ఉంది. భారత జంతుశాస్త్ర సర్వే డైరెక్టర్‌గా పనిచేసిన సుందర్ లాల్ హోరా 1951లో ఈ అధ్యాయాన్ని శాస్త్రదృష్టితో పరిశీలించి వ్యాసం రాశాడు. అది రాజుల కాలక్షేపం గురించి రాసిన గ్రంథం, చెరువు గట్టున కూర్చునే పల్లెవాడి కోసం కాదు. అయినా చేప స్వభావాన్ని బట్టి ఎర మారాలన్న సూత్రం ఈ సీమను ఏలిన రాజ్యంలోనే అంత పాతదన్న సంగతి గుర్తుంచుకోదగ్గది.

పల్లెలో వేటకు రెండు పనిముట్లు, వాటి వెనక రెండు రకాల మనుషులు. వల వృత్తిదారుది. గంగపుత్రులు (బెస్తవారు), ముదిరాజులు ఈ ప్రాంతంలో చెరువు వేట మీద ఆధారపడ్డ ప్రధాన సమూహాలు. 1920లో సయ్యద్ సిరాజుల్ హసన్ నిజాం రాజ్యంలోని కులాలు, తెగల గురించి అచ్చువేసిన గ్రంథంలో రెండు సమూహాల ప్రస్తావనా ఉంది. బెస్తవారిలో కొందరు పల్లకీలు మోసే బోయీలుగా కూడా బతికారు. చెరువునూ పల్లకీనీ నమ్ముకుని సాగిన బతుకులవి. పల్లకీలు పోయాక చెరువే మిగిలింది. తర్వాతి కాలంలో మత్స్యకారుల సహకార సంఘాలు ఏర్పడి, పెద్ద చెరువులను మత్స్యశాఖ నుంచి, చిన్న కుంటలను పంచాయతీ నుంచి కౌలుకు తీసుకోవడం మొదలైంది. సభ్యత్వం ఎవరికి ఉండాలన్న దాని మీద రెండు సమూహాల మధ్య తగాదా ఏళ్ల తరబడి నడుస్తోంది.

గాలం అలాంటిది కాదు. చెరువు మీద హక్కు లేనివాడికీ అది దొరుకుతుంది. పశువులు కాసే పిల్లవాడు, నాట్లు అయిపోయి పని లేని కూలి, సాయంత్రం కూరకు ఏదో ఒకటి కావాలనుకున్న ముసలాయన: ఒక వెదురు కర్ర, మూరెడు దారం, ఒక ముల్లు, జొన్నబెండు ముక్క ఉంటే చాలు. గాలంతో ఎంత పట్టినా సంఘానికి పెద్ద నష్టం లేదు కనుక చాలా ఊళ్లలో దాన్ని చూసీ చూడనట్టు వదిలేసేవారు. వల వేసేవాడికి ఎరతో పని లేదు. ఎర గురించిన తెలివి అంతా గాలం పట్టినవాడి దగ్గరే పోగుపడింది. అందుకే అది ఏ సంఘం దస్త్రాల్లోనూ కనిపించదు. కార్తెల లెక్కతో, నోటి మాటతో సాగింది.

ఆ లెక్క మృగశిరతో మొదలవుతుంది. జూన్ 7, 8 తేదీల్లో కార్తె ప్రవేశించే రోజున చేపకూర తినడం తెలంగాణ అంతటా ఆచారం. తినని ఇళ్లలో బెల్లంలో ఇంగువ కలిపి మింగుతారు. హైదరాబాద్‌లో బత్తిని కుటుంబం చిన్న కొర్రమీను పిల్ల నోట్లో మందు పెట్టి ఉబ్బసం రోగులకు మింగించే చేపప్రసాదం కూడా ఆ రోజుదే. 1845 నుంచి ఇస్తున్నామని ఆ కుటుంబం చెబుతుంది. ఒంట్లో వేడి పుడుతుందని చేప తినాలంటారు. ఆ మాట ఎలా ఉన్నా, చెరువు లెక్కలో ఆచారం సరిగ్గా ఇమిడింది. మే చివరికి చెరువులో నీళ్లు అడుగంటుతాయి, వలకు అన్ని చేపలూ దొరుకుతాయి, అంగడి నిండుతుంది. ఇంకో వారం రెండు వారాలు దాటితే కొత్తనీరు వచ్చి చేప గుడ్లు పెట్టే కాలం మొదలవుతుంది. మృగశిర కూర పాత ఏటి వేటకు చివరి విందు.

తొలకరి పడగానే వేట చోటు మారుతుంది. కట్ట మీది నుంచి దిగి మత్తడి కిందికి, వాగులోకి, పొలం కాలువలోకి వస్తుంది. ఆరుద్ర, పునర్వసు కార్తెల్లో ఎర్రనీళ్లు పారుతుంటే పరకలు, జెల్లలు, వాలుగలు ఎదురెక్కుతాయి. కాలువ గండిలో వెదురుబుట్ట పెట్టి రాత్రి వదిలేస్తే తెల్లారేసరికి బరువెక్కుతుంది. మార్పులు, మట్టగిడసలు తడి గట్ల మీద పాకుతూ ఒక మడి నుంచి ఇంకో మడికి దాటుతాయి. గాలానికి ఈ నెలల్లో వానపామును మించిన ఎర లేదు. తెలంగాణ పల్లెల్లో వానపామును ఎర్ర అంటారు. ఎర అన్న మాటకు వానపాము అన్న అర్థం కూడా నిఘంటువుల్లో ఉంది. చేపకు పెట్టే మేతకూ, ఆ పురుగుకూ ఒకే మాట వాడిన భాషలో ఏది మొదటి ఎరో వేరే చెప్పనక్కర్లేదు. పెంటదిబ్బ పక్కన తవ్వితే దొరికే ఎర్రలు వాన పడగానే వాటంతట అవే పైకి వస్తాయి, వరదతో కొట్టుకొచ్చి నీళ్లలో పడతాయి. చేప అప్పటికే వాటిని తింటూ ఉంటుంది. గాలం వేసేవాడు చేపకు కొత్త రుచి చూపించడం లేదు, వరద చేసే పనినే చేస్తున్నాడు. రెక్కల ఉసిళ్లు దీపాల చుట్టూ రాలిన సాయంత్రాల తర్వాత వాటినీ గుచ్చుతారు. మురికి నీళ్లలో చేపకు చూపు ఆనదు కనుక వాసన ఉన్న ఎరే పనిచేస్తుంది. ఏ రంగు ముల్లయినా, ఎంత లావు దారమైనా ఫర్వాలేదు.

మఖ, పుబ్బ కార్తెల నాటికి చెరువు నిండుతుంది. అప్పుడు నీళ్లు విశాలం, చేప చెదిరిపోతుంది, లోతులో వల తేలిపోతుంది. వృత్తిదారుకు ఇది మందకొడి కాలం. గాలానికి మాత్రం ఏడాదిలో అసలైన ఆట ఇప్పుడే. చెరువు అంచున తుంగ, తామర, నాచు అల్లుకున్న తక్కువ లోతు నీళ్లలో కొర్రమట్ట కాపురం పెడుతుంది. కొన్ని పల్లెల్లో దీన్నే బొమ్మె అంటారు. నాచును పక్కకు తొలగించి గూడు చేసుకుని, పైకి తేలే గుడ్లు పెట్టి, తల్లిదండ్రులు కాపలా కాస్తాయి. పిల్లలు ఎర్రటి గుంపుగా నీటి మీద ఆడుతుంటాయి; కింద పెద్ద చేప ఉంటుంది. ఆ గుంపు మీదికి కప్ప వచ్చినా, పురుగు వచ్చినా అది విరుచుకుపడుతుంది. తామరాకుల మీద చిన్న కప్పపిల్లను గెంతిస్తూ గాలం లాగే పద్ధతి ఈ స్వభావం చూసి పుట్టిందే. తొలకరి ఎర ఆకలి మీద పనిచేస్తే, నిండు చెరువు ఎర కోపం మీద పనిచేస్తుంది. దాని ఫలితం కూడా వేరు: కాపలా చేపను పట్టిన రోజే ఆ గుంపంతా పరకలకూ, జెల్లలకూ మేతయిపోతుంది. అనుభవం ఉన్నవాళ్లు ఎర్రగుంపు కనబడిన చోట గాలం వేయకూడదంటారు. ఆ మాట పాటించేవాళ్లు ఎప్పుడూ తక్కువే.

కొర్రమట్టను కనిపెట్టడానికి ఇంకో గుర్తు ఉంది. దానికి మొప్పలతో పాటు గాలి పీల్చే అవయవం ఉంది. నిర్ణీత వ్యవధిలో పైకి వచ్చి గుటక వేయకపోతే చచ్చిపోతుంది. నీటి మీద బుడగ లేచిన చోటు గుర్తుపెట్టుకుని, అది మళ్లీ లేచే వేళకు ఎర అక్కడుండేలా చూస్తారు. అదే అవయవం వల్ల అది నీళ్లు లేకున్నా గంటల తరబడి బతుకుతుంది, అంగట్లో తొట్టిలో ప్రాణంతో అమ్ముడుపోతుంది, ఎక్కువ ధర పలుకుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2016లో కొర్రమీనును రాష్ట్ర చేపగా ప్రకటించింది.

దసరా దాటాక నీళ్లు తేటపడతాయి, చలి మొదలవుతుంది. చేప మందగిస్తుంది. పొద్దున గాలం వేసినవాడు ఉత్త చేతులతో పోతాడు. ఎండ కట్ట రాళ్ల మీద పడి నీళ్లు కాస్త వెచ్చబడ్డాక, మధ్యాహ్నం దాటి వేస్తే తగులుతుంది. తూము దగ్గరి లోతే చలికాలపు చోటు. ఎర కూడా మారుతుంది. జొన్నపిండి, తవుడు, గానుగచెక్క పొడి కలిపి గట్టిగా ముద్ద చేసి గుచ్చుతారు. రవ్వ, మోసు, బొచ్చె దీనికి వస్తాయి, కానీ మూడూ ఒకే లోతులో కాదు. బొచ్చె నోరు పైకి తిరిగి ఉంటుంది, అది పై నీళ్లలో మేస్తుంది. బెండుకూ ముల్లుకూ మధ్య దారం పొట్టిగా ఉండాలి, పిండి నీళ్లలో కరిగి మేఘంలా పరుచుకోవాలి. రవ్వ నడిమి నీళ్లలో ఉంటుంది. మోసు అడుగున బురదలో ఏరుకుంటుంది కనుక ముద్ద నేలకు ఆనాలి. మానసోల్లాసం చెప్పినట్టే ముందు రెండు మూడు రోజులు తవుడు చల్లి చేపను అలవాటు చేసే పద్ధతి ఈ కాలానిదే. మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేసిన హెన్రీ సల్లివన్ థామస్ 1873లో భారతదేశపు గాలం వేట మీద ఒక పుస్తకం, 1887లో ప్రత్యేకంగా చెరువుల్లో గాలం వేట మీద ఇంకో పుస్తకం రాశాడు. నదిలో పోరాడే చేపల కోసం వచ్చిన ఇంగ్లీషు దొరలు చెరువును చులకనగా చూసేవారు. చెరువు కోసం విడిగా ఒక పుస్తకం అవసరమని థామస్‌కు అనిపించడమే ఆ వేట లోతుకు సాక్ష్యం.

సంక్రాంతి తర్వాత తూము తెరుచుకుంటుంది, యాసంగి పొలాలకు నీళ్లు పోతాయి. శిఖం మెల్లగా పైకి తేలుతుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో చెరువు నడుమ ఒక మడుగుగా కుంచించుకుపోతుంది. చిన్న చేపలకు దాక్కునే చోటు పోతుంది, వాటిని తినే వాలుగకు పండగ. అది పగలు లోతులో పడుకుని పొద్దుగూకాక అంచులకు వస్తుంది. పొడుగు తాడుకు వరుసగా గాలాలు కట్టి, బతికున్న పరకలను గుచ్చి రాత్రికి వదిలి, తెల్లారి చూసుకుంటారు. కోళ్ల దుకాణాలు ఊరూరా వచ్చాక పరకల స్థానంలో కోడి పేగులు చేరాయి. వాసన ఎక్కువ, ఖర్చు లేదు. మే నెలలో గాలం అక్కర్లేదు. మోకాలి లోతు బురదలో బుట్టలు బోర్లించి, చేతులు పెట్టి వెతుకుతారు. సంఘం వలలు వేసి తన పంట తీసుకున్నాక మిగిలినవాటి కోసం ఊరంతా ఒక్కసారిగా దిగుతుంది. దాన్ని చేపల లూటీ అంటారు. సంఘం ఇంకా పూర్తిచేయకముందే జనం దిగిన ఊళ్లలో అది పోలీసు ఠాణాదాకా పోతుంది. అందరి కళ్లూ తప్పించుకున్న కొర్రమట్ట తడి బురదలోకి దిగి, వాన కోసం కాచుకుంటుంది.

ఈ ఏటి చక్రం ఇరవయ్యో శతాబ్దం మధ్యదాకా పెద్దగా మారలేదు. అంతదాకా వలలు పత్తి నూలువి, జనుము నారవి. కుళ్లిపోకుండా బెరడు కషాయంలో నానబెట్టి, ప్రతి వేట తర్వాతా ఆరబెట్టాల్సి వచ్చేది. స్వాతంత్ర్యం తర్వాతి దశాబ్దాల్లో నైలాన్ వచ్చింది. సన్నగా, నీళ్లలో కనబడకుండా ఉండే ఆ దారం వలకు ఎంత మేలు చేసిందో గాలానికీ అంతే చేసింది. చలికాలపు తేటనీళ్లలో లావు నూలును చూసి తప్పుకునే రవ్వ నైలాన్‌ను పసిగట్టలేకపోయింది.

అంతకన్నా పెద్ద మార్పు చేపపిల్లలది. బొచ్చె, రవ్వ, మోసు పారే నీళ్లలోనే గుడ్లు పెడతాయి, నిలిచిన చెరువులో పెట్టవు. అందుకే పూర్వం నదుల్లో పిల్లలను పట్టి, కుండల్లో మోసుకొచ్చి చెరువుల్లో వదిలేవారు. 1957 జూలై 10న ఒడిశాలో హీరాలాల్ చౌధురి పీయూష గ్రంథి రసాన్ని సూదితో ఎక్కించి ఈ జాతులను చెరువులోనే గుడ్లు పెట్టించాడు. ఆ రోజునే దేశంలో చేపరైతుల దినంగా పాటిస్తున్నారు. దాని వల్ల చెరువు వాగు మీద ఆధారపడడం మానేసింది. ఏ చేప ఉండాలో వరద కాక మనిషి తేల్చే కాలం వచ్చింది. 1952లో తిలాపియా, ఆ దశాబ్దం చివర్లో గడ్డిచేప, వెండిచేప దేశంలోకి దిగాయి; బంగారుతీగ కూడా బయటి నుంచి వచ్చిందే. బంగారుతీగ చెరువులోనే గుడ్లు పెడుతుంది, అడుగు బురదను తవ్వి నీళ్లను మురికి చేస్తుంది. తిలాపియా పిల్లలను నోట్లో దాచుకుని పెంచుతుంది, చిన్న వయసులోనే మళ్లీ పెడుతుంది, అన్ని ఎరలనూ కొరుకుతుంది. పిండిముద్దతో రవ్వ కోసం కూర్చున్నవాడి ముల్లుకు అరచేతంత తిలాపియా పదే పదే తగలడం నేటి చెరువుగట్టు చికాకుల్లో మొదటిది.

నీళ్ల విషయంలోనూ వాన ఒక్కటే దిక్కుగా ఉండడం పోయింది. 1963లో పోచంపాడులో పునాది పడ్డ శ్రీరామసాగర్ ప్రాజెక్టు నుంచి 284 కిలోమీటర్ల కాకతీయ కాలువ వరంగల్ దాకా వచ్చింది, రెండో దశలో మహబూబాబాద్ వైపు సాగింది. ఆ తర్వాత చొక్కారావు పేరు పెట్టిన దేవాదుల ఎత్తిపోతల పథకం గోదావరి నీళ్లను గంగారం దగ్గర తోడి, భీంఘనపురం మీదుగా ధర్మసాగర్‌కు, అక్కడి నుంచి జనగామ మెట్టకు ఎక్కించింది. స్టేషన్ ఘనపురం, బొమ్మకూరు, గండిరామారం, అశ్వరావుపల్లి జలాశయాలతో జనగామ చేపల లెక్కే తిరగబడింది. ఒకప్పుడు ఏప్రిల్‌కే ఎండిపోయే కుంటల నేలలో ఎండాకాలం కూడా లోతు నీళ్లు నిలిచాయి. వాన లేని నెలలో పంపు నడిస్తే నీళ్లు పెరుగుతాయి, ఆగితే తగ్గుతాయి. శిఖం తేలే రోజును కార్తె కాదు, పంపుహౌస్ నిర్ణయిస్తుంది. మిషన్ కాకతీయ 2015 మార్చి 12న మొదలైంది. రాష్ట్రంలో 46,531 చెరువులు, కుంటలు ఉన్నట్టు అప్పుడు లెక్క తేల్చారు. పూడిక తీసిన చెరువుకు లోతు పెరిగింది. అంచున తుంగ మొలిచే తక్కువ లోతు నీళ్లు కొన్నిచోట్ల తగ్గాయి. మొదటిది బొచ్చెకు అనుకూలం, రెండోది కొర్రమట్టకు ప్రతికూలం.

2016లో ప్రభుత్వం పూర్తి రాయితీతో చేపపిల్లల పంపిణీ మొదలుపెట్టింది. ఏటా ఎండే చెరువులకు 35 నుంచి 40 మిల్లీమీటర్ల పిల్లలు, ఎప్పుడూ నీళ్లుండే జలాశయాలకు 80 నుంచి 100 మిల్లీమీటర్లవి. ప్రధానంగా బొచ్చె, రవ్వ, మోసు, బంగారుతీగ. ఇవన్నీ పిండి తినే చేపలు. వానపాము, కప్పపిల్ల, బతికున్న పరక అవసరమైన చేపల సంగతి పథకానికి పట్టలేదు. పట్టాల్సిన అవసరం కూడా లేదనవచ్చు, ఎందుకంటే వాలుగ, కొర్రమట్ట పోసిన పిల్లలనే తింటాయి. వల వేసే సంఘానికి అవి దొంగలు. గాలం వేసేవాడికి అవే అసలు చేపలు.

పాశ్చాత్యులు గాలానికి చిక్కాక పెనుగులాడే చేపను వేటచేప అని వేరు చేస్తారు. ఆ లెక్కన ఇక్కడ నిలిచేవి కొర్రమట్ట, వాలుగ. గత పదిహేనేళ్లలో చక్రం ఉన్న గాలపు కర్రలు, మెరిసే రేకు ఎరలు, రబ్బరు కప్పలు పట్టణ దుకాణాల్లోకి, ఆన్‌లైన్ అంగళ్లలోకి వచ్చాక, సెలవు రోజున బండి మీద వచ్చి చెరువు చుట్టూ తిరిగే యువకుల కొత్త జట్లు తయారయ్యాయి. రేకు ఎరకు 1852లో అమెరికాలో జూలియో బ్యూయెల్ పేటెంటు తీసుకున్నాడు. చెక్కతో చెక్కిన కప్పబొమ్మను 1890ల చివర్లో మిషిగన్ రాష్ట్రం డోవజియాక్ పట్టణానికి చెందిన జేమ్స్ హెడ్డన్ అక్కడి సరస్సుల్లో బాస్ చేప కోసం వాడాడు. రబ్బరు రూపంలో ఖండం దాటి వచ్చిన ఆ కప్ప ఇక్కడ చేసేది తామరాకు మీద గెంతే కప్పపిల్ల పనే. ముళ్లు దాని రెండు పక్కలా పైకి వంగి ఒంటికి అంటుకుని ఉండడం వల్ల తుంగలో చిక్కుకోదు. చేప కొరికి నొక్కినప్పుడే ముళ్లు బయటపడతాయి. కప్పపిల్లతో రాని సదుపాయం అదొక్కటే. రేకు మాత్రం ఇక్కడ చలికాలపు తేటనీళ్లలో తప్ప పెద్దగా పనికిరాదు. ఆరుద్ర నాటి ఎర్రనీళ్లలో దాని మెరుపు చేపకు ఆనదు. ఖరీదైన పెట్టె తెరిచి కూర్చున్నవాడి పక్కనే పెంటదిబ్బ ఎర్రతో పిల్లవాడు గంప నింపుకునే దృశ్యం తొలకరిలో ఏటా కనబడుతుంది.

తెచ్చి పోసిన చేపలకూ, తమంతట తామే నిలిచే చేపలకూ ఉన్న తేడాను వరదలు బయటపెట్టాయి. 2023 జూలై 27న మోరంచవాగు పొంగి భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిని ముంచెత్తింది. 2024 సెప్టెంబర్ 1న మహబూబాబాద్ జిల్లాలో చెరువులు తెగి, కేసముద్రం దగ్గర రైలు పట్టాల కింది మట్టి కొట్టుకుపోయి, పట్టాలు గాలిలో వేలాడాయి. ఆకేరు ఒడ్లు దాటింది. తెగిన చెరువుల్లో నీళ్లతో పాటు చేపలూ పోయాయి. బొచ్చె, రవ్వ మళ్లీ కావాలంటే గండి పూడ్చి, హేచరీ నుంచి పిల్లల లారీ రావాలి. కొర్రమట్ట అలా కాదు. తెగిన కట్ట కింద గుంతల్లో, పొలం కాలువల్లో, వరిమడి మూలల్లో ఆగిపోయి, నీళ్లు నిలిచిన మొదటి చోటే మళ్లీ గూడు కట్టుకుంటుంది.